ఈ వారం సమస్య: తోక కోసినపుడె తోక మొలిచె

నిర్వహణ: ఛందస్సు ఆటవెలది. పై పాదం మీ పద్యంలో నాలుగో పాదం కావాలి. కుక్క తోక మీద ఇప్పటికే మూడు పూరణలు వచ్చాయి, ఇక చాలు.

ఆవకాయ:
గోడమీది బల్లి కోడలి చీపురు
దెబ్బకు తన తోక తెంచుకొనియె
నెలకు చూడ మరల నిక్కుచు నున్నది
తోక కోసినపుడె తోక మొలిచె

బడిపంతులు: రెండో పాదం భలే ఉంది, దె–తె యతీ కుదిరింది. కానీ మీరేమో "నెలకు" అన్నారు, సమస్యలో "అపుడె" ఉంది. నెల్లాళ్లు ఆగితే "అపుడె" ఎలా అవుతుందమ్మా?

కొసమెరుపు:
ధాతువునకు లట్టు తగిలించి చివరి ట
కారముఁ దొలగింపగా నదేమొ
అచటె తిప్పు వచ్చి యంటుకొనియె భళి
తోక కోసినపుడె తోక మొలిచె

వివరణ: సంస్కృత వ్యాకరణంలో భూ (ఉండు) ధాతువుకు, అంటే క్రియామూలానికి, వర్తమానంలో లట్ అనే ప్రత్యయం వస్తుంది. "హలంత్యమ్" సూత్రంతో ట్ ఇత్తు (గుర్తుగా ఉండి పోయే అక్షరం) అయి లోపిస్తుంది, అకారమూ పోతుంది. మిగిలిన ల్ స్థానంలో పాణిని చెప్పిన 18 తిఙ్ ప్రత్యయాల్లో (క్రియ చివర చేరేవి) ఒకటి దిగుతుంది. ప్రథమపురుష ఏకవచనానికి తిప్. తర్వాత మధ్యలో శప్ ప్రత్యయం (అందులో మిగిలేది అ), గుణం (ఇ, ఈ ఏగా, ఉ, ఊ ఓగా మారడం): భో + అ + తి, భవతి.

బడిపంతులు: ఇదీ పూరణంటే! కాకపోతే "భళి" గణం నింపడానికి తెచ్చిపెట్టిన మాట. తిప్‌కీ చివర ప్ ఉంది కదా, ఆ తోకనే వాడుకోండి:
అచటె తిప్పు వచ్చె, నంతఁ బకారమై
ట్ పోయింది, ప్ మొలిచింది. సమస్య అక్షరాలా తీరింది.

ఆవకాయ: ఆ ప్ కూడా పోయేదే కదా పంతులుగారూ? పోయేదాన్ని తగిలించడం ఎందుకు?

బడిపంతులు: పోతుంది, కానీ పని చేసిపెట్టి పోతుంది. వెళ్లడం అనే అర్థంలో ఇ ధాతువు చూడండి. తిప్ పరమైతే గుణం వచ్చి ఏతి. ద్వివచనపు తస్‌కు ప్ లేదు, అందుకని ఙిత్తుతో (ఙ్ ఇత్తుగా ఉన్న ప్రత్యయంతో) సమానం, గుణం రాదు: ఇతః. ట్ కథా అంతే. లట్‌లో లభతే (పొందుతున్నాడు), భూతకాలపు లఙ్‌లో అలభత (పొందాడు). రెండుచోట్లా ప్రత్యయం త ఒక్కటే, ట్ ఉన్న లకారంలో (లట్, లఙ్ లాంటివి లకారాలు) అది తే అవుతుంది. చిన్నప్పుడు ఈ రూపాలన్నీ బట్టీ కొట్టాను, కారణం మాత్రం చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

కొసమెరుపు: "భళి" తీసేశాను. మీ పాదమే ఖాయం.

ఆవకాయ: నేనూ మూడో పాదం మార్చాను.
నిజము కాదు, కలనె నిలిచి చూచితి నేను

బడిపంతులు: కల! సమస్య మింగుడుపడనప్పుడు అందరం దూరే దొడ్డిదారి. యతి మాత్రం సరిపోయింది, కానివ్వండి.