తొలి సోలో క్రాస్ కంట్రీకి ట్యాబ్ ఉండాలా, వద్దా?

మిర్యాలగూడ_స్టూడెంట్

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. స్టూడెంట్ పైలట్ లైసెన్స్ వచ్చింది, సర్క్యూట్‌లో, అంటే రన్‌వే చుట్టూ, ఒంటరిగా ఎగరడం (సోలో) కూడా అయింది. ఇప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి క్రాస్ కంట్రీలు, అంటే ఒక చోటి నుంచి మరో చోటికి దూర ప్రయాణాలు, నడుస్తున్నాయి. త్వరలో ఒంటరిగా పంపిస్తారు.

మా ఇన్‌స్ట్రక్టర్ చార్ట్, పెన్సిల్, స్టాప్‌వాచ్, నావ్ లాగ్ (దారిలో గుర్తులు, టైము రాసుకునే కాగితం) తప్ప మోకాలి మీద ఇంకేమీ ఉండకూడదంటారు. సీనియర్లేమో ట్యాబ్‌లో నావిగేషన్ యాప్ వేసుకో, మనం ఎక్కడున్నామో మ్యాప్ మీద విమానం బొమ్మ కదులుతూ చూపిస్తుంది, ఇక టెన్షన్ దేనికి అంటున్నారు. ఒకరైతే బ్యాగులో పెట్టుకుని పైకి వెళ్లాక తీసుకో అన్నారు. అలా దొంగచాటుగా నేను తీసుకెళ్లను. కానీ ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది. కమర్షియల్ లైసెన్స్‌కు కావాల్సిన 200 గంటల్లో 20 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత తనదే అయి) క్రాస్ కంట్రీయే ఉండాలి, అందులో ఒకటి 300 నాటికల్ మైళ్లకు (నాటికల్ మైలంటే సుమారు 1.85 కిలోమీటర్లు) తగ్గకూడదు. ఇదంతా ఏ అలవాటుతో మొదలుపెడితే మంచిది? కొత్తవాళ్లకు యాప్ మేలు చేస్తుందా, చెడగొడుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్గొండ_టు_టెక్సస్

తమ్ముడూ, మాది నల్గొండే, ట్రైనింగ్ టెక్సస్‌లో. ఇక్కడ మొదటి రోజు నుంచీ ఐప్యాడ్, అందులో ఫోర్‌ఫ్లైట్ అనే నావిగేషన్ యాప్. రూట్ ప్లానింగ్, బరువు లెక్కలు, వాతావరణం, చార్టులు అన్నీ అందులోనే. అలా నేర్చుకున్నందుకు మేమేం తక్కువ పైలట్లం కాలేదు.

నా వాదన ఒక్కటే. కొత్త పైలట్‌కు నిజమైన ప్రమాదం దారి తప్పడం ఒక్కటే కాదు, తెలియకుండా వేరేవాళ్ల ఎయిర్‌స్పేస్‌లోకి (వాళ్ల కంట్రోల్‌లో ఉన్న ఆకాశంలోకి) పోవడం కూడా. మన దగ్గర హైదరాబాద్ చుట్టూ ఎన్ని ఉన్నాయో చూడు. శంషాబాద్, బేగంపేట, ఎయిర్‌ఫోర్స్ వాళ్ల హకీంపేట, దుండిగల్. నల్గొండ వైపు నుంచి ఉత్తరానికో పడమరకో కాస్త ఎక్కువ వెళ్తే శంషాబాద్‌కు దిగే పెద్ద విమానాల దారిలోకి వచ్చేస్తావు. ఆ హద్దు నేల మీద ఎక్కడా గీసి ఉండదు. కాగితం మీద ఉంటుంది, కానీ నువ్వు ఆ కాగితం మీద ఎక్కడున్నావో నీకు కచ్చితంగా తెలిస్తేనే దానితో ఉపయోగం. యాప్ అయితే ముందే హెచ్చరిస్తుంది. నల్లమల వైపు వెళ్తే ముందున్న గుట్టలు నీకంటే ఎత్తో కాదో రంగుల్లో చూపిస్తుంది. ప్రాణం కాపాడే వస్తువు చేతిలో ఉండగా వద్దనడం నాకు అర్థం కాదు.

పాలమూరు_నావిగేటర్

నేను ఎయిర్‌ఫోర్స్‌లో రవాణా విమానాల మీద నావిగేటర్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది మహబూబ్‌నగర్‌లో. బాబూ, మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పిందే సరైనది. ఎందుకో మీ ప్రాంతంలోనే ఒక లెక్క వేసి చూపిస్తాను.

సాగర్ దగ్గర విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి నల్గొండకు 30 నాటికల్ మైళ్లకు అటూఇటూగా ఉంటుంది, దాదాపు నేరుగా ఉత్తరం. సెస్నా 152 ట్రైనర్ విమానం మీద 90 నాట్లు (గంటకు 90 నాటికల్ మైళ్లు) అనుకో, 20 నిమిషాలు. వానాకాలం పడమటి గాలి 15 నాట్లు ఉంది, నువ్వు దాన్ని పట్టించుకోకుండా ఉత్తరానికే ముక్కు పెట్టి కూర్చున్నావు. 20 నిమిషాల్లో గాలి నిన్ను 5 నాటికల్ మైళ్లు తూర్పుకు నెడుతుంది. అంటే నల్గొండ పైన ఉండాల్సినవాడివి 9 కిలోమీటర్లు అవతల ఉంటావు. పొగమంచు గానీ దుమ్ము గానీ ఉన్న రోజు 9 కిలోమీటర్లంటే ఊరు కనిపించకుండా పోవడానికి సరిపోతుంది.

ఇప్పుడు అదే పని చార్టుతో చెయ్యి. బయల్దేరే ముందే సగం దారిలో హాలియా ఏ పక్కన, ఎంత దూరంలో, ఎన్నో నిమిషంలో కనిపించాలో లాగ్‌లో రాసుకున్నావు. పదో నిమిషంలో చూస్తే ఊరు ఉండాల్సిన చోట లేదు. 15 మైళ్లు వచ్చాక రెండున్నర మైళ్లు పక్కకు పోయావంటే వన్ ఇన్ సిక్స్టీ లెక్కన (60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతే ఒక డిగ్రీ) 10 డిగ్రీల తేడా. కాగితం కూడా అక్కర్లేదు, నోటితో అయిపోతుంది. గాలి ఎటు నుంచి, ఎంత బలంగా ఉందో నీకు ఇప్పుడు తెలుసు. మిగతా ప్రయాణమంతా ఆ తెలివి నీతో ఉంటుంది, తిరుగు ప్రయాణానికి కూడా. ఒకవేళ హాలియా దగ్గర గమనించలేదనుకో, అప్పుడు కూడా దారి ఉంది. తూర్పుకు జరిగి ఉత్తరానికి పోతే నల్గొండ-మిర్యాలగూడ రైలు పట్టాలు అడ్డం వస్తాయి. ఎడమకు తిరిగి పట్టాలను పట్టుకుంటే నల్గొండ వస్తుంది. ఊరి పక్కన గుట్టలు, పానగల్లు దగ్గర ఉదయ సముద్రం నీళ్లు చూసి ఇదే ఊరని తేల్చుకోవచ్చు.

యాప్ ఏం చేస్తుంది? గీత మీద నుంచి బొమ్మ జరిగింది, బొమ్మను గీత మీదికి తెచ్చుకో అంటుంది. నువ్వు తెచ్చుకుంటావు. గాలి గురించి నీకేం తెలిసింది? ఆ తెర ఆరిపోతే, ఎటు నుంచి వచ్చావో, ఎంతసేపటి నుంచి ఏ హెడింగ్ మీద (ముక్కు ఏ దిశకు పెట్టి) ఉన్నావో చెప్పగలవా? దుండిగల్, హకీంపేట అని భయపెడుతున్నారు గానీ, ఇరవై నిమిషాలకోసారి తన స్థానం తాను తేల్చుకోలేని మనిషిని అసలు అటు వైపు పంపకూడదు.

నల్గొండ_టు_టెక్సస్

సార్, మీ లెక్క చక్కగా ఉంది, గౌరవంతోనే ఒక మాట అంటాను. మీ చార్టు ఏ సంవత్సరానిది? ఇక్కడ అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్ల 5 లక్షలకు ఒకటి స్కేల్ సెక్షనల్ చార్ట్ 56 రోజులకోసారి కొత్తది వస్తుంది, డౌన్‌లోడ్ ఉచితం. మన స్టూడెంట్లలో చాలామంది చేతిలో సీనియర్ల దగ్గర నుంచి వచ్చిన 10 లక్షలకు ఒకటి స్కేల్ షీట్లు, వాటి ఫొటోకాపీలు చూశాను. పదిహేనేళ్ల కిందటి షీటులో దామరచర్ల దగ్గర యాదాద్రి పవర్ ప్లాంట్ ఉండదు. 4000 మెగావాట్ల ప్లాంటు, అన్ని పొగగొట్టాలు, అన్ని హై టెన్షన్ లైన్లు! పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పని మొదలైంది 2015లో. నార్లాపూర్, ఏదుల, వట్టెం రిజర్వాయర్లు ఆ షీటులో ఎక్కడ దొరుకుతాయి? కుర్రాడు కింద పెద్ద నీళ్లు చూసి, చార్టులో ఆ చోట నీళ్లు లేవు కాబట్టి నేను జూరాల దగ్గర ఉన్నానేమో అనుకుంటే?

పాలమూరు_నావిగేటర్

చార్టు పాతదన్న మాట ఒప్పుకుంటాను. అయితే చెరువు చూసి స్థానం చెప్పొద్దని మాకు మొదటి నెలలోనే నేర్పారు. మన చెరువులు మే నెలలో ఎండి పొలాల్లో కలిసిపోతాయి, సెప్టెంబర్‌లో చార్టులో లేని చోట కూడా నీళ్లు మెరుస్తాయి. నది వంపు, రైలు పట్టాలు, హైవే, డ్యామ్ కట్ట, ఇవి నమ్మాలి. ఒక గుర్తుతో తేల్చకూడదు, మూడు కలవాలి. షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబర్ హైవే, దానికి కాస్త పడమరగా కర్నూలు వైపు పోయే రైల్వే లైను, దక్షిణాన కృష్ణ. ఈ మూడూ కలిపి చదవడం వచ్చినవాడు పాలమూరులో ఎక్కడ వదిలేసినా తేల్చుకుంటాడు. కొత్త రిజర్వాయర్లను షీటు మీద పెన్సిల్‌తో గీసుకోండి. మేం అదే చేసేవాళ్లం.

నాగర్‌కర్నూల్_తండ్రి

నాకు విమానాల గురించి తెలియదు. మా అమ్మాయి వచ్చే ఏడాది చేరుతుందట, అందుకే ఇవన్నీ చదువుతున్నాను. కారులో గూగుల్ మ్యాప్ పెట్టుకుంటే ఎవరూ తప్పనరు కదా. పిల్ల ఒక్కతే పైన ఉన్నప్పుడు ఏదో ఒకటి దారి చూపించేది ఉండాలని తండ్రిగా నాకు అనిపిస్తుంది. లేకపోవడం ఎలా మంచిదవుతుందో ఎవరైనా చెప్పండి.

గద్వాల_ఇన్‌స్ట్రక్టర్

నాగర్‌కర్నూల్ అన్నా, కారు దారి తప్పితే పక్కకు ఆపి అడగొచ్చు. విమానం ఆగదు, పెట్రోలు అయిపోతూనే ఉంటుంది. అందుకే దారి చూపించేది ఆగిపోయినా పిల్ల చేతిలో పని మిగలాలి. మీ భయం న్యాయమైనదే, నేనూ పిల్లల్ని ఒంటరిగా పంపి కింద గడియారం చూసుకుంటూ నిలబడేదాన్నే.

ఇన్‌స్ట్రక్టర్‌గా నేను చూసినవి చెప్తాను. ఇద్దరి మాటల్లోనూ రాని సంగతి ఒకటుంది, అది ఎండ. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని ఆపిల్ కంపెనీయే చెప్తుంది. నల్గొండలో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 42, 44 ఉంటుంది. ఎండలో నిలబెట్టిన సెస్నాలో, అద్దం కింద, మోకాలి మీద ట్యాబ్ ఎంత వేడెక్కుతుందో ఊహించండి. టాక్సీ చేసేటప్పటికే, అంటే నేల మీద రన్‌వేకు వెళ్లేటప్పటికే, తెర మసకబారుతుంది, ఆ తర్వాత వేడెక్కిందన్న హెచ్చరిక వచ్చి తెర నల్లబడుతుంది. నా కళ్లెదుటే జరిగింది. చల్లబడేదాకా అది మళ్లీ రాదు. సరిగ్గా అప్పుడే కొత్త స్టూడెంట్ విమానం నడపడం మానేసి ట్యాబ్‌తో కుస్తీ పడతాడు. ఎత్తు వంద అడుగులు, రెండు వందల అడుగులు పోతుంటుంది, తల కిందికే ఉంటుంది. నాకు అసలు భయం ఆ వంచిన తలంటేనే. మన దగ్గర సర్క్యూట్‌లో మరో ట్రైనర్ విమానం, పైన గద్దలు ఉంటాయి. వాటిని చూసేది కళ్లే.

రెండోది జీపీఎస్. విమానాల జీపీఎస్ సిగ్నల్‌లో తేడాలు వస్తున్నాయని 2023 నవంబర్‌లోనే డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) సర్క్యులర్ ఇచ్చింది. 2025 డిసెంబర్‌లో రాజ్యసభలో కేంద్ర విమానయాన మంత్రి చెప్పిన విమానాశ్రయాల పేర్లలో హైదరాబాద్ కూడా ఉంది. సిగ్నల్ పోతే కనీసం పోయిందని తెలుస్తుంది. తప్పు సిగ్నల్ వస్తే బొమ్మ తప్పు చోట నమ్మకంగా కదులుతుంది. లాగ్ రాసుకున్నవాడికే అది తప్పని అనుమానం వస్తుంది.

అలాగని యాప్ వద్దని నేను అనను. టెక్సస్ తమ్ముడు ఎయిర్‌స్పేస్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నా స్టూడెంట్లకు నేను పెట్టే నియమం ఇది. కింద ప్లానింగ్ ముందు చేత్తో చెయ్యాలి, తర్వాత యాప్‌లో వేసి సరిపోల్చాలి. రెండిట్లో తేడా ఉంటే ఎందుకో తేలేదాకా బయల్దేరకూడదు. గాల్లో నేను పక్కన ఉన్నప్పుడు ట్యాబ్ నా దగ్గర ఉంటుంది. ప్రతి చెక్‌పాయింట్ దగ్గర స్టూడెంట్ ముందు తన వేలితో చార్టు మీద నేనిక్కడున్నాను అని చూపించి టైము రాయాలి, ఆ తర్వాత తెర చూపిస్తాను. ఆ రెండూ వరసగా కలుస్తున్నాయని నాకు నమ్మకం కుదిరాకే సోలో. అప్పుడు స్కూల్ ట్రైనింగ్ మాన్యువల్ ఒప్పుకుంటే ట్యాబ్ ఇచ్చి పంపిస్తాను, సీటు వెనక సంచిలో, చార్జింగ్ నింపి. దారి తప్పానని తేలినప్పుడు తీసి చూడటానికి.

నల్గొండ_టు_టెక్సస్

మేడమ్, సీటు వెనక ఉన్నదాన్ని కంగారులో ఉన్న కుర్రాడు చెయ్యి వెనక్కి పెట్టి వెతుక్కోవడం ఇంకా ప్రమాదం కదా? దాన్ని యోక్‌కు (విమానం స్టీరింగ్‌కు) గట్టిగా బిగించి, మొదటి నుంచీ వాడకం అలవాటు చెయ్యడం నయం. మీ మిగతా మాటలతో నాకు పేచీ లేదు. ఇక్కడ చెక్‌రైడ్‌లో (లైసెన్స్ కోసం గాల్లో పెట్టే పరీక్షలో) కూడా పైలటేజ్ (నేల మీది గుర్తులు చూసి నడపడం), డెడ్ రెకనింగ్ (దిశ, వేగం, టైము లెక్కతో స్థానం తేల్చడం), డైవర్షన్, దారి తప్పినప్పుడు ఏం చెయ్యాలో విడివిడిగా చూస్తారు. ఎగ్జామినర్ మధ్యలో ఐప్యాడ్ ఆఫ్ చెయ్యమనొచ్చు.

గద్వాల_ఇన్‌స్ట్రక్టర్

సీటు వెనక పెట్టడం గురించి నువ్వన్నది సరైనదే తమ్ముడూ. సైడ్ పాకెట్‌లో చేతికి అందేలా పెట్టిస్తాను. యోక్‌కు మాత్రం బిగించను. 152లో అంత పెద్ద తెర పెడితే సగం ఇన్‌స్ట్రుమెంట్లు కనిపించవు, కంట్రోల్ పూర్తిగా తిప్పినప్పుడు మోకాలికి తగులుతుంది.

మిర్యాలగూడ_స్టూడెంట్

అందరికీ ధన్యవాదాలు. చార్టు ముందు, తెర తర్వాత అన్న పద్ధతి మా ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడతాను. ఒక సందేహం మిగిలింది. డైవర్షన్ వస్తే, అంటే ముందు మబ్బు పట్టి మధ్యలో వేరే చోటికి తిరగాల్సి వస్తే, చేతి లెక్కకు టైము ఎక్కడిది? అప్పుడైనా యాప్ ముందు చూడొచ్చా? ఇంకోటి, మా బావ దగ్గర వై-ఫై ఐప్యాడ్ ఒకటి ఉంది, అది పనికొస్తుందా?

పాలమూరు_నావిగేటర్

డైవర్షన్‌లో లెక్క చెయ్యకు, అంచనా వెయ్యి. ముందు హెడింగ్ తిప్పు, టైము రాసుకో. పెన్సిల్‌ను చార్టు మీద అడ్డంగా పెట్టి దిశ చూసుకో. బొటనవేలి కణుపు నీ చార్టు మీద ఎన్ని మైళ్లో ఇంట్లోనే కొలిచి పెట్టుకుంటే దూరం తెలిసిపోతుంది. 90 నాట్లంటే నిమిషానికి మైలున్నర. ఇదంతా అర నిమిషం పని. తిప్పేసి, లెవెల్‌లో నిలబడ్డాక, ట్యాబ్ ఉంటే చూసి సరిదిద్దుకో, నేను అడ్డు చెప్పను.

గద్వాల_ఇన్‌స్ట్రక్టర్

సార్ చెప్పిన వరసే. ఆ పైన రేడియోలో చెప్పడం మరిచిపోకు.

వై-ఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు, గాల్లో అది నువ్వెక్కడున్నావో చూపించదు. సిమ్ పెట్టుకునే సెల్యులర్ మోడల్‌లోనే ఉంటుంది, సిమ్ వెయ్యకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. లేదంటే బయటి జీపీఎస్ రిసీవర్ కొని బ్లూటూత్‌తో కలపాలి. బావ దగ్గరున్నది కింద ప్లానింగ్‌కు బాగా పనికొస్తుంది, దానికే వాడు. ఏరోనాటికల్ డేటా 28 రోజులకోసారి మారుతుంది, గడువు తేదీ చూసుకుని అప్‌డేట్ చెయ్యి.