నల్ల జుట్టుకి బీజ్ బ్లాండ్ (లేత ఇసుక రంగు): బోరు నీళ్లలో రంగు నిలవాలంటే?

బ్లీచ్ పని బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. జుట్టు లెవెల్ 2 నలుపు (లెవెల్ 1 అతి నలుపు, 10 అతి లేత), నడుము దాకా ఉంది. గోరింటాకు ఎప్పుడూ పడలేదు. చివర జానెడు మేర మాత్రం పాత నల్ల డై ఉంది.

మాడు వదిలేసి బాలయాజ్ (పాయలకు చేత్తో పూసి, చివర్లకి లేతగా రంగు తేలేలా చేసే పద్ధతి) చేయాలని ఆలోచన. చెవి వెనక సన్నని పాయ మీద బ్లీచ్ పొడి ఒక వంతు, 20 వాల్యూమ్ (6%) డెవలపర్ (పెరాక్సైడ్ ద్రవం) రెండు వంతులు కలిపి చూస్తే, 40 నిమిషాలకు డై లేనిచోట నారింజ వచ్చింది. డై ఉన్నచోట ఇంకా ఎర్రగోధుమే. తడిపి లాగితే రబ్బరులా సాగలేదు కాబట్టి బలం ఉన్నట్టే.

ఈ నారింజ మీద పర్పుల్ షాంపూ దండగ, అది పసుపునే అణుస్తుంది. నీలం టోనర్ (బ్లీచ్ తర్వాత రంగు ఛాయ సరిచేసేది) వేస్తే గోధుమరంగు వస్తుంది తప్ప బ్లాండ్ రాదు. మరి కొన్ని వారాలు ఆగి రెండో విడత బ్లీచ్‌తో లెవెల్ 9 దాకా లాగాలా, లేక తేనెరంగు దగ్గర ఆపడం మేలా? చివర్లకి ముందు కలర్ రిమూవర్ వాడాలా, కత్తిరించేయాలా?

అసలు బెంగ నీళ్లది. బోరు నీళ్లలో ఇనుము, సున్నం ఎక్కువైతే టోనర్ త్వరగా పోయి ఇత్తడి రంగు తేలుతుంది. ఈడీటీఏ ఉన్న కీలేటింగ్ షాంపూ (జుట్టుకి పట్టిన లోహాలు, సున్నం తీసేది) ప్రతి తలస్నానానికీ వాడితే జుట్టు పీచులా ఎండిపోతుంది. ఎన్నాళ్లకోసారి వాడుతున్నారు? తలస్నానానికి ముందు కొబ్బరినూనె పెడితే టోనర్ తొందరగా దిగిపోతుందా?