కీ ఇవ్వకుండా నడిచే గడియారం ఆగిపోయింది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మావయ్యగారు స్విట్జర్లాండ్ నుంచి తెచ్చిన ఆట్మాస్ గడియారం మా ఇంట్లో ఉంది. అద్దాల పెట్టె, అడుగున మెల్లగా తిరిగే గుండ్రటి చక్రం. కీ లేదు, బ్యాటరీ లేదు. పోయిన నెల ఇల్లు మారాక ఆగిపోయింది. షాపతను విప్పి నూనె వేస్తానంటున్నాడు. ఇవ్వనా? ఇంతకాలం ఏ శక్తీ లేకుండా ఎలా నడిచిందంటారు?

జవాబు: నూనె వద్దండీ, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది. శక్తి లేకుండా ఏదీ నడవదు. దీనికి తిండి మీ గదిలో వేడి మారడమే. లోపల గట్టిగా మూసిన డబ్బాలో ఇథైల్ క్లోరైడ్ అనే రసాయనం ఉంటుంది. అది 12 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కాస్త వేడెక్కితే డబ్బా హార్మోనియం తిత్తిలా ఉబ్బుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఆ కదలికే స్ప్రింగుకు కీ ఇస్తుంది. ఒక్క డిగ్రీ తేడా వస్తే సుమారు రెండు రోజులు నడుస్తుంది. 1928లో జాన్ లియాన్ రాయిటర్ అనే స్విస్ ఇంజినీరు కనిపెట్టాడు.

అంత కొంచెం శక్తి ఎలా సరిపోతుందంటారా? చక్రం సన్నటి తీగకు వేలాడుతూ అటు అర నిమిషం, ఇటు అర నిమిషం తిరుగుతుంది. కీ ఇచ్చే చేతి గడియారంలో చక్రం సెకనుకు అయిదుసార్లయినా కొట్టుకుంటుంది. ఖర్చులో తేడా అక్కడే.

మీది బహుశా వాలి ఉంటుంది. చక్రాన్ని కదలకుండా పట్టే మీట అడుగున ఉంటుంది, అది వేసి ఉందేమో చూడండి. మీట వెయ్యకుండా మాత్రం గడియారాన్ని ఎత్తకండి, తీగ తెగుతుంది.

మరొకరు: మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉందండీ, కింద నాలుగు గుండ్లు తిరుగుతాయి. కానీ ఏడాదికోసారి కీ ఇస్తాం.

జవాబు: అది 400 రోజుల గడియారం. చూపులకు అన్నదమ్ములే గానీ, మీదానికి మీ చెయ్యి పడాల్సిందే.

ఇంకొకరు: న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయంలో ఆర్థర్ బెవర్లీ చేసిన గడియారం ఉంది. 1864 నుంచి ఎవరూ కీ ఇవ్వలేదు. పెట్టెలో బంధించిన గాలి వేడికి వ్యాకోచించి బరువును పైకి లేపుతుంది. రోజులో 6 డిగ్రీల తేడా ఉంటే ఒక పౌండు బరువు ఒక అంగుళం లేస్తుంది. ఎప్పుడూ ఆగలేదని రాస్తుంటారు గానీ, శుభ్రం చేసినప్పుడూ, వేడిలో తేడా చాలనప్పుడూ ఆగింది.

అడిగినవారు: రసమట్టం పెట్టి చూశాను, ఎడమవైపు దిగి ఉంది. కాళ్ల మరలు తిప్పి సరిచేసి మీట తీశాను. తిరుగుతోందండీ! ఆ గదిలో ఏసీ వేసుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. వేసి ఆపుతుంటే దానికి ఇంకా మంచిది. ఏసీ గాలి నేరుగా తగలని చోట, ఎండ పడని చోట పెట్టండి.