ఒక్కడే 40 పాయింట్లు ఎట్లా చేశాడు?

ప్రశ్న:
మాది అనంతపురం. డిగ్రీ చదువుతూ కబడ్డీ ఆడతాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎర్నీ నెవర్స్ అనే ఆయన 1929లో ఒకే మ్యాచ్‌లో 40 పాయింట్లు చేశాడని చదివాను. జట్టు మొత్తం స్కోరు కూడా 40 అంట! మరి తక్కిన పదిమంది ఏం చేసినట్టు?

జవాబు 1:
నిజమే బ్రో. బంతిని అవతలి జట్టు చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. దానికి 6 చొప్పున ఆరు టచ్‌డౌన్లు, అంటే 36. వాటి తర్వాత కొట్టే ఒక్కో పాయింటు కిక్కుల్లో నాలుగు పడ్డాయి. నవంబర్ 28న షికాగోలో నెవర్స్ జట్టు కార్డినల్స్ 40, బేర్స్ 6. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

జవాబు 2:
నాయనా, నేను పీఈటీగా రిటైరయ్యాను. ఆ పదిమంది లేకపోతే 40 లేదు. ఎదురొచ్చేవాళ్లను భుజాలతో అడ్డుకుని వాళ్లు సందు చేస్తేనే, నెవర్స్ బంతి పట్టుకుని దూరేది. అప్పట్లో దాడికొక జట్టు, డిఫెన్స్‌కొక జట్టు ఉండేవి కావు. పరిగెత్తినవాడే పాస్ వెయ్యాలి, కిక్ కొట్టాలి, అవతలివాళ్లను పడగొట్టాలి.

నాకైతే ఆ 40 కంటే 1926 గొప్ప. డులూత్ ఎస్కిమోస్ తరఫున ఆ ఏడాది 29 మ్యాచ్‌లు, అందులో 28 బయటి ఊళ్లలోనే. దాదాపు ప్రతి నిమిషం గ్రౌండ్‌లోనే ఉన్నాడు. ఇది చాలదన్నట్టు బేస్‌బాల్‌లో బౌలింగ్ కూడా! 1927లో బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ కొట్టిన 60 హోమ్‌రన్లలో (మన క్రికెట్ సిక్సర్ల లాంటివి) రెండు ఇతని బౌలింగ్‌లోనివే.

ఒక్కటి మాత్రం అతన్ని చూసి నేర్చుకోవద్దు. కాలేజీ రోజుల్లో రెండు చీలమండలూ విరిగాయి. అవి పూర్తిగా మానకముందే, కోచ్ పాప్ వార్నర్ ట్యూబు రబ్బరుతో చేసిన పట్టీలు బిగించుకుని 1925 రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ మ్యాచ్‌లో మొత్తం 60 నిమిషాలూ ఆడాడు. అది చదివిన ఊపులో నేనూ ఒక పిల్లవాడి మడమకు సైకిల్ ట్యూబు చుట్టి ఫైనల్ ఆడించాను. గెలిచాం. సాయంత్రానికి ఆ కాలు గుమ్మడికాయలా వాచింది, షూ కత్తిరించి తీయాల్సొచ్చింది. ఆ తర్వాత వాడు రైడ్‌కి వెళ్లనేలేదు. ఆ తప్పు నాదే.

ప్రశ్న అడిగినతను:
సార్, నా ఎడమ చీలమండ పది రోజులుగా నొప్పిగా ఉంది. ఆదివారం మ్యాచ్ అని కోచ్‌కి చెప్పలేదు. ఈ రోజే చెప్తాను, రేపు ఎక్స్‌రే తీయించుకుంటాను.