వాటాదారు, భాగస్వామి ఒకటేనా?

ప్రశ్న: షేర్‌హోల్డర్‌ని పత్రికల్లో ఒకచోట ‘వాటాదారు’ అని, ఇంకోచోట ‘భాగస్వామి’ అని రాస్తున్నారు. భాగమన్నా వాటా అన్నా ఒకటే కదా, రెండూ సరైనవేనా?

జవాబు: కాదండీ. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

1602కి ముందు డచ్చి వర్తకులు ఒక్కో ఓడ ప్రయాణానికి డబ్బు పోగుచేసేవారు. ఓడలు మిరియాలతో తిరిగొచ్చాక సరుకు అమ్మి, లెక్క తేల్చుకుని, ఎవరి పాలు వాళ్లు తీసుకునేవారు. వీళ్లు అచ్చంగా భాగస్వాములు. ఆ ఏడాది డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టినప్పుడు ఎవరైనా డబ్బు పెట్టొచ్చన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే 1,143 మంది పెట్టారు. పేర్లు రాసుకున్నది డిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుడి ఇంట్లో. ఆ ఇంటి పనిమనిషి నీల్ట్‌గెన్ కొర్నెలిస్ కూడా ఆఖరి రోజున 100 గిల్డర్లకు పేరు రాయించుకుంది. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చే మనిషి ఆవిడే.

పెట్టిన సొమ్ము పదేళ్ల దాకా వెనక్కి రాదు. మధ్యలో అవసరం పడితే? తన వాటాను ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కంపెనీ గుమాస్తా దగ్గరికెళ్లి ఖాతా పుస్తకంలో పేరు మార్పించుకోవాలి. భాగస్వామి తప్పుకుంటే లెక్క తేల్చాలి. వాటాదారు తప్పుకుంటే పేరు మారుతుంది, మూలధనం కదలదు.

ఇంకొకరు: మరి మన బందరుకొచ్చిన ఇంగ్లీషు కంపెనీ సంగతేమిటండీ? అది ఇంకా ముందుదే కదా?

జవాబు: అవునండీ, 1600లోనే పుట్టింది. కానీ మొదట్లో వాళ్లు ఒక్కో ప్రయాణానికి వేరువేరు లెక్క రాసేవారు. 1611లో బందరు చేరిన గ్లోబ్ ఓడది ఏడో ప్రయాణం. ఆ లాభనష్టాలు దానికి డబ్బు పెట్టినవాళ్లవే తప్ప కంపెనీలో అందరివీ కావు. వాళ్లకు శాశ్వత మూలధనం 1657లో గానీ ఏర్పడలేదు. కాబట్టి గ్లోబ్ వెనకున్నవాళ్లను భాగస్వాములంటేనే నప్పుతుంది. బందరులో వలందపాలెం అనే పేరు మిగిల్చి వెళ్లిన డచ్చివాళ్లు మాత్రం అప్పటికే వాటాల సొమ్ముతో వ్యాపారం చేస్తున్నారు.

మొదట అడిగినవారు: అంటే ఇప్పటి వార్తల్లో ‘భాగస్వామి’ తప్పేనా?

జవాబు: లిస్టెడ్ కంపెనీ, అంటే స్టాక్ మార్కెట్లో షేర్లు కొని అమ్ముకునే కంపెనీ గురించైతే తప్పేనండీ. మామూలు భాగస్వామ్య వ్యాపారంలో సంస్థ అప్పులకు భాగస్వామి సొంత ఆస్తి కూడా పూచీ. పది షేర్లు కొన్నవాళ్లకు ఆ టెన్షన్ లేదు, పోతే ఆ షేర్ల డబ్బే పోతుంది. ‘వాటాదారు’ అనే రాయండి.