ఈ-డీఎన్ఏ ఆన్‌లైన్ సెమినార్లు వింటున్నాను, మా ఊరి చెరువుకు ఎలా వాడుకోవాలి?

ప్రశ్న (ఎం.ఎస్సీ. జువాలజీ విద్యార్థిని, తిరుపతి):
అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర మా ఊరి చెరువులో ఏయే చేపలున్నాయో అవి నీళ్లలో వదిలే డీఎన్ఏతో (దాన్నే ఈ-డీఎన్ఏ అంటారు) తెలుసుకోవాలని ప్రాజెక్టు పెట్టుకున్నాను. అందుకే బయటి దేశాల వాళ్ల సెమినార్లు వింటున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను. లండన్‌లో మధ్యాహ్నం మూడంటే మనకు రాత్రి ఏడున్నర అని వేసవిలో రాసిపెట్టుకున్నాను. నవంబరులో అదే టైముకు లింకు తెరిస్తే ఎవరూ లేరు. ఇరవై నిమిషాలు చూసి మూసేశాను. రెండోది, ఆ డీఎన్ఏను ఫిల్టర్ మీద పట్టడానికి వాళ్లు రెండు లీటర్లు వడగట్టామంటారు. మా చెరువు నీళ్లు పావు లీటరు కూడా దిగకముందే ఫిల్టర్ మూసుకుపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (శ్రీకాళహస్తి):
టైము సంగతి నేను చెప్తానమ్మా. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పట్నుంచి ఆ మూడు మనకు ఎనిమిదిన్నర. మార్చి చివరి ఆదివారం మళ్లీ ఏడున్నరకు వస్తుంది. అమెరికా వాళ్లు తిప్పే తేదీలు వేరు. ప్రతిసారీ ఫోన్ క్యాలెండర్‌లో ఆ ఊరి టైమే పెట్టు, మన టైముకు అదే మార్చుకుంటుంది.

జవాబు (ల్యాబ్‌లో పనిచేస్తాను, చిత్తూరు):
చెల్లీ, తప్పు నీది కాదు, ఆ నీళ్లే అంత. సెమినార్లలో చాలామంది చూపించేది అడుగున రాళ్లు కనిపించే ఏటి నీళ్లు. మన చెరువులు వానకు నిండేవి, గొడ్లు దిగేవి. నేనూ మొదట్లో 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టర్‌తో కుస్తీ పట్టాను. సిరంజి నొక్కీ నొక్కీ బొటనవేలు కందిపోయేది, తెల్లటి బిళ్ల ఇటుక రంగుకు తిరిగేది, నీళ్లు మాత్రం దిగేవి కావు. 1.2 మైక్రాన్లది తీసుకో. ఒక్కో చోట మూడు నాలుగు ఫిల్టర్లు వాడి, దేంట్లో ఎన్ని మిల్లీలీటర్లు దిగాయో అక్కడే రాసుకో. రెండు లీటర్లు ఉండి తీరాలనేం లేదు. 2008లో ఫ్రాన్స్ కుంటల్లో అమెరికా బుల్‌ఫ్రాగ్ అనే కప్ప ఉందని నీళ్లతోనే తేల్చినవాళ్లు ఒక్కో నమూనాకు తీసుకుంది 15 మిల్లీలీటర్లే.

పొద్దున్నే వెళ్లు. ఎండ, వేడి డీఎన్ఏను త్వరగా పాడుచేస్తాయి. ఫిల్టర్‌ను వెంటనే ఇథనాల్‌లో వేసి ఐస్ పెట్టెలో పెట్టు. బురదలోని పదార్థాలు పీసీఆర్‌ను (కొద్ది డీఎన్ఏకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతి) అడ్డుకుంటాయి, అప్పుడు చేప ఉన్నా లేనట్టే వస్తుంది. తీసిన డీఎన్ఏను పదింతలు పలుచన చేసి ఇంకోసారి నడిపి చూడు.

అన్నిటికన్నా ముఖ్యం బ్లాంక్, అంటే చెరువు నీళ్లు లేని ఉత్త నమూనా. ఇంటి నుంచి డిస్టిల్డ్ వాటర్ తీసుకెళ్లి, చెరువు గట్టు మీదే, అవే చేతులతో, అదే పద్ధతిలో వడగట్టు. ఒకసారి మా చెరువు నమూనాలో కానాగంత వచ్చింది. సముద్రపు చేప! బ్లాంక్‌లో లేదు కాబట్టి మా చేతులదీ ల్యాబ్‌దీ తప్పు కాకపోవచ్చని గట్టంతా తిరిగి చూశాం. చేపలు అమ్మేవాళ్లు బుట్టలు కడిగిన నీళ్లు కాలువలోంచి చెరువులోకే వస్తున్నాయి. డీఎన్ఏ ఉన్నంత మాత్రాన ఆ చేప అక్కడ బతుకుతోందని కాదు. బ్లాంక్ లేకుంటే ఆ మాట నమ్మకంగా చెప్పలేకపోయేవాళ్లం.

ప్రశ్న అడిగినామె:
చాలా థ్యాంక్స్ అక్కా. తలకోన నీళ్లు కూడా తీసుకోవచ్చా?

జవాబు (చిత్తూరు):
తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోది. అటవీ శాఖ అనుమతి చేతికొచ్చేదాకా ఒక్క సీసా కూడా నింపొద్దు. ముందు చెరువు పని ముగించు. ఇంకోటి, మన చిన్న చేపలు కొన్నిటి సీక్వెన్సులు (డీఎన్ఏ అక్షరాల వరుసలు) పోల్చి చూసే డేటాబేస్‌లో ఉండవు, పేరు ప్రజాతి (జీనస్) దగ్గరే ఆగిపోతుంది, ఏ జాతో తేలదు. అందుకే పోల్చుకోవడానికి వల వేసేవాళ్లు పట్టిన ప్రతి రకం నుంచి ఒక్క రెక్క ముక్క అడిగి తీసుకుని ఇథనాల్‌లో దాచు. వాళ్లు పిలిచే పేరు కాగితం చీటీ మీద పెన్సిల్‌తో రాసి సీసాలో వెయ్యి, పెన్ను సిరా ఇథనాల్‌కు చెరిగిపోతుంది.