చెడిన సెన్సర్లకు ‘పరిహారం’ అనవచ్చా?

ప్రశ్న: సోనార్ (నీటిలో చప్పుళ్లను బట్టి వస్తువులను పసిగట్టే పద్ధతి) మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. నీటిలో వరుసగా అమర్చిన హైడ్రోఫోన్లలో (నీటి అడుగు చప్పుళ్లు వినే మైకుల్లో) ఒకటో రెండో పాడైనా, మిగిలినవాటితోనే పని నెరవేర్చే ‘అడాప్టివ్ ఫిల్టర్’ గురించిన భాగం వచ్చింది. ‘చెడిన సెన్సర్లకు పరిహారం ఇచ్చే అనుకూల వడపోత’ అని రాశాను కానీ నాకే మింగుడుపడటం లేదు. మంచి మాట చెప్పండి.

జవాబు: ‘పరిహారం’ వద్దండీ, నష్టపోయినవారికి సొమ్ము ముట్టజెప్పడం గుర్తుకొస్తుంది. ‘అనుకూల’ అన్నా చిక్కే, మనకు కలిసొచ్చే వడపోత అనిపిస్తుంది. ఈ వడపోత తనను తాను మార్చుకుంటుంది. ఆ అర్థాన్ని మన ‘కొను’ ఎంత తేలికగా మోస్తుందో చూడండి: బట్టలు సర్దుతాం, ఇరుకులో సర్దుకుంటాం. నేనైతే ‘సర్దుకునే వడపోత’ అంటాను. ఒక్కో హైడ్రోఫోన్ సంకేతాన్ని ఎంత బరువుతో, అంటే ఎంత ప్రాధాన్యంతో, కలపాలో అది ముందే తేల్చిపెట్టుకోదు. రావలసిన ఫలితానికీ వచ్చినదానికీ తేడాను కొలిచి, బరువులను కొద్దికొద్దిగా దిద్దుకుంటూ పోతుంది. 1960లో విడ్రో, హాఫ్ అనే అమెరికా ఇంజినీర్లు ప్రతిపాదించిన పద్ధతికి ప్రాణం ఈ దిద్దుకోవడమే.

మరొక జవాబు: ‘సర్దుకునే’ నాకూ నచ్చింది. కానీ ‘చెడిన’ అని ఒకే మాటతో సరిపెట్టకండి. బృందగానంలో ఒకరి గొంతు మూగబోవడం వేరు, అపస్వరం అందుకోవడం వేరు. గోల పెట్టే హైడ్రోఫోన్ బరువును సున్నాకు దించితే అదీ మూగదానితో సమానమవుతుంది. అసలు కష్టం అప్పుడే మొదలు. 20 హైడ్రోఫోన్లను సమాన బరువులతో కలిపినప్పుడు ఒకటి మూగబోతే, చూస్తున్న దిశలో సంకేతం ఇరవయ్యో వంతే తగ్గుతుంది. కానీ పక్క దిశలను అణచడానికి జాగ్రత్తగా కూర్చిన బరువులైతే ఆ పొందిక చెదిరి, అటునుంచి వచ్చే చప్పుళ్లు చొరబడతాయి. (చూస్తున్న దిశ కాక పక్క దిశల్లో వినిపించే ఆ భాగాన్ని ‘సైడ్ లోబ్’ అంటారు. దానికి ‘పక్క తమ్మె’ అంటే ఎంత బాగుంటుంది! చెవి తమ్మె మనకు ఉన్నదే, వినే పరికరానికి ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు.) పొరుగు హైడ్రోఫోన్ల సంకేతాల నుంచి అంచనా కట్టి ఆ ఖాళీని నింపితే ‘పూడ్చడం’, మిగిలినవాటి బరువులు మారితే ‘సర్దుకోవడం’. రెండూ వేర్వేరు పద్ధతులు, కలిపేయకండి.

ప్రశ్న అడిగినవారు: నా వ్యాసంలో ఉన్నది రెండో పద్ధతే. ‘కొన్ని హైడ్రోఫోన్లు మూగబోయినా, మిగిలినవాటి బరువులను దిద్దుకుంటూ సర్దుకునే వడపోత’ అని మార్చాను. గోల పెట్టేవాటికి వేరే వాక్యం రాస్తున్నాను. ‘పక్క తమ్మె’నూ వాడుకుంటాను.